రైలు వస్తోంది సరే, స్టేషన్ ఎక్కడ?



2024 ఆగస్టులో ఆ వార్త వచ్చిన రోజు మీకూ గుర్తుండే ఉంటది. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా కొత్త రైల్వే లైన్‌కు కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. 173 కిలోమీటర్లు. సాయంత్రానికల్లా మన వాట్సాప్ గ్రూపులన్నీ నిండిపోయినయి. రాముడి ఊరికి రైలు అని కొందరు, ఏజెన్సీకి మంచి రోజులు అని కొందరు. దాచుకునేది ఏముంది, నేనూ మూడు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసినోణ్ణే.

కొన్నాళ్ళకు ఒక గూడెంలో మీటింగ్ పెట్టుకున్నాం. అది పోడు పట్టాల గురించి పెట్టిన మీటింగ్. చివర్లో నేనే ఉత్సాహం ఆగక రైలు సంగతి ఎత్తిన. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన అంతా విని ఒకటే అడిగిండు. "స్టేషన్ యాడ పెడతరంట?" నాకు తెలియదు. "ఏం తీస్కపోతరంట అండ్ల?" అదీ తెలియదు. ఆయన ఇంకేం అనలేదు, తునికాకు చుట్ట వెలిగించుకున్నడు. డిగ్రీ చదివిన, మైకు పట్టుకుని గంట మాట్లాడిన, ఆ రెండు ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసింది.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టిన. ఈ లైన్ ఒక్కటిగా రాలేదు. ఆ రోజు మొత్తం ఎనిమిది కొత్త లైన్లకు కలిపి అనుమతి ఇచ్చారు. 900 కిలోమీటర్లు, 24,657 కోట్ల రూపాయలు. ఆ ఎనిమిది లైన్ల మీద నడిచే సరుకుల పేర్లు ప్రభుత్వ ప్రకటనలోనే ఉన్నాయి. వ్యవసాయ ఉత్పత్తులు, ఎరువులతో పాటు బొగ్గు, ఇనుప ఖనిజం, బాక్సైట్, సున్నపురాయి, సిమెంటు, ఉక్కు. ఇప్పుడు మ్యాపు తీసి చూడండి. మల్కన్‌గిరికి అవతలి వైపు నుంచి, జయపూర్ నుంచి, ఇంకో లైన్ వేస్తున్నారు. జయపూర్ ఎక్కడుంది? విశాఖ నుంచి అరకు మీదుగా బైలాడిలా ఇనుప గనుల దాకా పోయే కేకే లైన్ మీద ఉంది. పాండురంగాపురం ఎక్కడుంది? కొత్తగూడెం నుంచి మణుగూరు బొగ్గు గనులకు పోయే లైన్ మీద ఉంది. అంటే ఒక కొస ఇనుము, ఇంకో కొస బొగ్గు. మధ్యలో మన కోయ ఊళ్ళు.

రైలు చెడ్డదని నేను చెప్పబోవడం లేదు. ఒక పట్టా మొదట ఏ సరుకు కోసం పడిందో, వందేళ్ళ తర్వాత కూడా ఆ ప్రాంతం దాని చెప్పుచేతల్లోనే ఉంటది. మన దగ్గర ఈ సంగతికి పుస్తకాలు అక్కర్లేదు. కొత్త లైన్ కలపబోతున్న ఆ రెండు పాత లైన్లను చూస్తే చాలు.

మొదటిది మన ఇంటి ముందరిదే. మీరు హైదరాబాద్ నుంచి రైలెక్కి "భద్రాచలం రోడ్" అని టికెట్ తీసుకుంటారు. దిగేది కొత్తగూడెంలో. భద్రాచలం అక్కడికి 40 కిలోమీటర్లు, మధ్యలో గోదావరి. కొత్తగా వచ్చిన భక్తులు స్టేషన్ బయట నిలబడి గుడి ఎటువైపు అని అడగడం ఇప్పటికీ చూస్తుంటాం. బోర్డు మీద రాముడి ఊరి పేరు రాసినా, పట్టాలు వేసింది బొగ్గు కోసం. దేవుడి దాకా పోవలసిన అవసరం ఆ లైన్‌కు ఎన్నడూ రాలేదు.

కథ ఇల్లందు దగ్గర మొదలైంది. 1871 ప్రాంతంలో జియొలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ అనే దొర ఈ అడవిలో బొగ్గు ఉందని తేల్చిండు. సింగరేణి గనుల్లో పనిచేసేవాళ్ళు "కింగ్ సీమ్" అంటుంటారే, ఆ పొరకు ఆయన పేరే. నేల కింద బొగ్గు ఉన్న ఊళ్ళలో కోయవాళ్ళు ఎన్ని తరాల నుంచి ఉన్నా, పొరకు మాత్రం దొర పేరు పడింది. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ పెట్టి నిజాం దగ్గర తవ్వకం హక్కులు తీసుకున్నారు. 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. సరిగ్గా ఆ కాలంలోనే నిజాం రైల్వే బెజవాడ దాకా పోయింది, డోర్నకల్ నుంచి గనుల దాకా కొమ్మ లైన్ పడింది. ఇది కాకతాళీయం కాదు. రైలింజన్ నడవాలంటే బొగ్గు కావాలె, బొగ్గు బయటికి పోవాలంటే రైలు కావాలె. ఒకదాని ఆకలి ఇంకోటి తీర్చుకున్నాయి. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. తర్వాత కొత్తగూడెం, ఆ తర్వాత మణుగూరు. గనులు ఎటు జరిగితే పట్టాలు అటు జరిగినయి.

ఇందులో మనోళ్ళకు ఏం దక్కిందని అడిగే ముందు, మనోళ్ళ దగ్గర ఏం తీసుకున్నారో చూద్దాం. బొగ్గు కంటే ముందు పోయింది చెట్టు. పట్టాల కింద అడ్డంగా పెట్టే దిమ్మెలు, స్లీపర్లు, అప్పట్లో కర్రవే. గని లోపల పైకప్పు కూలకుండా నిలబెట్టే గుంజలూ కర్రవే. దేశమంతా రైళ్ళు వేస్తుంటే మంచి కలపకు కరువొచ్చింది. బ్రిటిష్ ఇండియాలో అటవీ శాఖ పుట్టింది అప్పుడే, 1864లో. మరుసటి ఏడాదే మొదటి అటవీ చట్టం, 1878లో అంతకంటే గట్టి చట్టం. ఫారెస్టోళ్ళు మన పోడు మీదికి వచ్చినప్పుడల్లా "అడవిని కాపాడటానికే" అంటరు కదా. ఆ శాఖ పుట్టుకలో అడవి మీద ప్రేమ కంటే స్లీపర్ల లెక్క ఎక్కువ. దీన్ని మీ ఊరి బీట్ ఆఫీసర్‌తో వాదించమని కాదు, ఆయన జీతగాడు. కానీ మనం తెలుసుకుని ఉండాలె.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. గని పని తెలిసిన కూలీలను కంపెనీ బయటి నుంచి తెచ్చుకుంది. కాలనీలు లేచినయి, బడులు, ఆసుపత్రి, యూనియన్లు వచ్చినయి. సింగరేణి కార్మికులు కొట్లాడి సాధించుకున్నది చిన్నది కాదు, నేను దాన్ని తక్కువ చెయ్యను. మనోళ్ళలో కూడా గని ఉద్యోగంతో పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలు ఉన్నాయి. అయితే ఒక్క విషయం ఆలోచించండి. సింగరేణిలో వారసత్వ ఉద్యోగం అని ఒకటి నడిచింది. డిపెండెంట్ ఉద్యోగం అని కూడా అంటరు. తండ్రి దిగిపోతే కొడుక్కి. ఇప్పుడు కారుణ్య నియామకం అని పేరు మార్చారు. కార్మిక కుటుంబానికి అది న్యాయమే, తండ్రి ఊపిరితిత్తులు బొగ్గుకు ఇచ్చిండు. కానీ గేటు బయట ఉన్నోడి వైపు నుంచి చూడండి. మొదటి తరంలో ఎవరి పేరు మస్టర్‌లోకి ఎక్కలేదో, వాడి కొడుకు పేరు ఎక్కదు, మనవడి పేరు ఎక్కదు. వందేళ్ళ కింద మన తాత గని గేటు దగ్గర నిలబడలేదు, అడవిలో ఉన్నడు. దానికి ఇవాళ మనం బయట ఉన్నాం. ఇది ఎవరో ఒకరు మన మీద పగబట్టి చేసింది కాదు. మొదలు ఎట్లా పెడితే అట్లే నడుస్తది, అంతే. అందుకే కొత్త లైన్ మొదలు గురించి నాకింత తొందర.

మొన్న మొన్నటి సంగతి కూడా ఒకటుంది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల లైన్ వేశారు. ఖర్చులో పెద్ద భాగం సింగరేణి పెట్టుకుంది, ఎందుకంటే సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు లారీల్లో పోతే దుమ్ము, ప్రమాదాలు, ఖర్చు. లారీల బాధ తగ్గింది, మంచిదే. అయితే లైన్ మీద మొదట పోయినవి బొగ్గు వ్యాగన్లు. మనుషులు ఎక్కే బండి సంగతి "తర్వాత చూద్దాం". ఈ "తర్వాత" అన్న మాట మన ఏజెన్సీలో చాలా పాతది.

ఇక రెండో లైన్, కేకే లైన్. కొత్తవలస, కిరండుల్ అనే రెండు ఊళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలు. మన వాళ్ళలో చాలామందికి అది అరకు రైలు. సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పోయే రైలు. 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు మూడు నాలుగు మీటర్లే తక్కువ. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో ఇంత ఎత్తున ఇంకో స్టేషన్ లేదని గొప్పగా బోర్డు పెట్టారు.

ఇంత కష్టమైన కొండల్లో ఇంత ఖర్చు పెట్టి లైన్ ఎందుకు వేశారు? బస్తర్‌లో బైలాడిలా కొండలు ఉన్నాయి. ఎద్దు మూపురం లాగ ఉంటాయని ఆ పేరు. మేలైన ఇనుప ఖనిజం ఉన్న కొండలు. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో మన దేశానికి ఒప్పందం కుదిరింది. యుద్ధంలో దెబ్బతిన్న జపాన్ మళ్ళీ నిలబడుతోంది, దానికి ఇనుము కావాలె. మన ప్రభుత్వానికి విదేశీ మారకం కావాలె. బైలాడిలా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు పంపాలని లెక్క. గని నుంచి రేవుకు దారి లేదు, కాబట్టి తూర్పు కనుమలను తొలిచి 445 కిలోమీటర్ల దారి చేశారు. 1968లో గని మొదలైంది, రైలు మొదలైంది. తర్వాత పెద్ద ఓడల కోసం విశాఖలో ఔటర్ హార్బర్ కూడా కట్టారు.

ఒక్కసారి ఆగి చూడండి తమ్ముడూ. దంతెవాడ కొండకూ జపాన్ కొలిమికీ మధ్య సొరంగాలు, వంతెనలు, రేవు, ఓడ, అన్నీ పదేళ్ళలోపు సమకూరినయి. చెయ్యాలనుకుంటే ప్రభుత్వం ఎంత వేగంగా చేస్తదో దీన్ని చూస్తే తెలుస్తది. మన ఊరి వాగు మీద బ్రిడ్జి కోసం ఇంజనీరు "టెక్నికల్‌గా కష్టం" అన్నప్పుడు నాకు ఈ 58 సొరంగాలు యాదికొస్తయి.

మరి మనుషుల బండి? దశాబ్దాల పాటు పగటిపూట ఒక్క ప్యాసింజర్. పొద్దున విశాఖలో ఎక్కితే కిరండుల్ చేరేసరికి రాత్రి. ఎదురుగా ఖనిజం బండి వస్తే ప్యాసింజర్ పక్కకు జరిగి ఆగాలె. లైన్ దాని కోసమే కదా. 2017లో అరకు దాకా అద్దాల బోగీ తగిలించారు, విస్టాడోమ్. టూరిస్టులు కుర్చీ తిప్పుకుంటూ లోయ చూడొచ్చు. అదే బండిలో మన అక్కలు కట్టెల మోపులు, సీతాఫలాల గంపలు పెట్టుకుని జనరల్ బోగీ తలుపు దగ్గర కూర్చుంటరు. టూరిజం వద్దని కాదు. మన లోయను చూడటానికి వచ్చేటోళ్ళకు అద్దం దొరికింది, మనకు కూర్చునే జాగ దొరకలేదు, అదీ సంగతి.

గని దగ్గర ఏం జరిగింది? కొండ మీది నుంచి కడిగిన ఎర్రమట్టి శంఖినీ నదిలోకి దిగింది. నీళ్ళు ఎర్రగా మారినయి. ఆ నీళ్ళే తాగాలె, ఆ నీళ్ళే పొలానికి. బయటి నుంచి వచ్చిన ఉద్యోగులు కొందరు మన ఆదివాసీ ఆడపిల్లలను పెట్టుకుని, పిల్లలు పుట్టాక వదిలి పోయేవాళ్ళు. ఆ రోజుల్లో బస్తర్ కలెక్టర్‌గా ఉన్న బి.డి. శర్మ ఇది చూసి, ఆ మగాళ్ళను పిలిపించి పెళ్ళిళ్ళు చేయించిండు. అట్లాంటి అధికారి ఒకడు దొరకడం మన అదృష్టమే, కానీ ఒక కలెక్టర్ కూర్చుని పెళ్ళిళ్ళు చేయించాల్సి వచ్చిందంటే అక్కడ పరిస్థితి ఎట్లా ఉండి ఉంటదో ఊహించండి. ఆ శర్మే తర్వాత ఎస్సీ, ఎస్టీ కమిషనర్‌గా మన హక్కుల గురించి దేశమంతా తిరిగి మాట్లాడిండు.

తర్వాత యంత్రాలు వచ్చినయి. చేత్తో తవ్వే కూలీలు అక్కర్లేకుండా పోయిండ్రు. పని పోయిన కూలీలు ఆందోళన చేస్తే 1978 ఏప్రిల్‌లో కిరండుల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయిండ్రు. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో మీరు ఎక్కడైనా చదివారా? నేను డిగ్రీలో ఆర్థిక శాస్త్రం చదివిన. బైలాడిలా పేరు "ఖనిజ వనరులు" అనే పట్టికలో ఒక గడిలో ఉండేది, అంతే.

ఇనుము తీసిన చోట ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చు కదా అని అడగడం సహజం. పెట్టారు. జగదల్‌పూర్ దగ్గర నగర్నార్‌లో. ఎప్పుడు ప్రారంభమైంది? 2023 అక్టోబర్‌లో. మొదటి ఖనిజం పోయింది 1968లో, ఆ ప్రాంతంలో ఉక్కు కొలిమి వెలిగింది 55 ఏళ్ళకు. ఈ లోపల రైలు చాలదని 267 కిలోమీటర్ల పైపు కూడా వేశారు. ఖనిజాన్ని పొడి చేసి నీళ్ళలో కలిపి విశాఖకు పంపే పైపు. పైపులోకి ఎవరూ ఎక్కలేరు, కనీసం కిటికీ కూడా ఉండదు.

అయినా అక్కడి మనోళ్ళు ఊరుకోలేదు. 2019 జూన్‌లో వేల మంది విల్లు, బాణాలు పట్టుకుని కిరండుల్‌లో గని గేటు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. 13వ నంబరు డిపాజిట్ ఉన్న కొండను తవ్వొద్దని. ఆ కొండ వాళ్ళకు నందరాజ్, దేవుడు. 2014లో గ్రామసభ ఒప్పుకున్నట్టు కాగితం చూపించారు. అట్లాంటి గ్రామసభ జరగనే లేదని ఊరివాళ్ళు అన్నారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం చెట్లు కొట్టడం ఆపి, ఆ గ్రామసభ మీద విచారణకు ఆదేశించింది. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. వాళ్ళు పట్టుకున్నది బాణాలే అయినా, పని చేసింది గ్రామసభ రిజిస్టర్ మీద ప్రశ్న.

"అంటే రైలు వద్దంటవా అన్నా?" అని నన్ను ఒక చెల్లె అడిగింది. నర్సింగ్ చదువుతది, హాస్టల్ నుంచి ఇంటికి రావాలంటే మూడు బస్సులు, ఒక ఆటో, చివర్న నడక. ఆమెకు రైలు వద్దని చెప్పే మొహం నాకు లేదు. వానాకాలంలో గర్భిణిని డోలీ కట్టి మోసిన ఊళ్ళు మనవి. ఇప్పపువ్వు, చింతపండు, చీపుర్లు వారం సంతలో దళారీ చెప్పిన ధరకు అమ్ముకుంటున్నది మనమే. రైలు అసలే వద్దనే మాట రోజూ మెట్రో ఎక్కేవాళ్ళకు సులువు. నాకు రైలు కావాలె. ఆగే రైలు కావాలె.

అయితే రైలుతో పాటు ఎవరు దిగుతారో కూడా చూడాలె. ఆదిలాబాద్ గోండు అన్నలను అడగండి. 1920ల చివర కాజీపేట నుంచి బల్లార్షాకు లైన్ పడింది. దాని వెంట కలప, పత్తి వ్యాపారం వచ్చింది, కాగితం మిల్లు వచ్చింది, వాటి వెంట భూమి కోసం మనుషులు వచ్చారు. పట్టాలంటే ఏమిటో గోండులకు తెలిసేలోపు పట్టాలు ఇతరుల పేరు మీదికి పోయినయి. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయింది ఈ భూమి కోసమే. ఆ తర్వాత హైమెండార్ఫ్ వచ్చి రాసిండు, కొన్ని పట్టాలు ఇప్పించిండు. 1970ల్లో మళ్ళీ వచ్చి చూస్తే ఇచ్చిన భూములు కూడా చేతులు మారి ఉన్నాయి.

(పట్టా అంటే మనకు రెండు అర్థాలు. రైలు పట్టా పడ్డచోట భూమి పట్టా పోయింది. ఇది నేను కనిపెట్టింది కాదు, మీటింగుల్లో మన పెద్దలు అంటుంటే విన్నదే.)

అందుకే స్టేషన్ ఎక్కడ అన్న పెద్దాయన ప్రశ్న చిన్నది కాదు. స్టేషన్ పడే చోట ఎకరం ధర లేస్తది. లాడ్జి, హోటల్, ప్లాట్ల వెంచర్ వస్తయి. మన దగ్గర 1/70 చట్టం ఉంది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదు. చట్టం గట్టిదే. కానీ బినామీ ఎట్లా నడుస్తదో మీకు నేను చెప్పాలా? కొన్నోడు సారు, పేరు మన మేనమామది. సంతకానికి పది వేలు. మనోళ్ళ చేతులు కూడా ఇందులో ఉన్నాయి. అది ఒప్పుకోకుండా బయటోళ్ళ మీద స్లోగన్ ఇస్తే సగం నిజమే అయితది.

చట్టం మన చేతిలో ఎంత ఉందో కూడా చూసుకుందాం. కేకే లైన్ పోయే అనంతగిరి కొండల్లో, బొర్రా చుట్టుపక్కల ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజుల మీద కొట్లాడితే వచ్చిందే 1997 సమత తీర్పు. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకు లీజుకివ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా ఆ తీర్పులో ఉంది. అయితే అది ప్రభుత్వ సంస్థలను ఆపదు, రైల్వేను అసలే ఆపదు. మనం ప్రతి మీటింగ్‌లో "సమత జడ్జిమెంట్ ఉంది" అని ధీమాగా అంటున్నాం, అది ప్రతి తాళానికీ పనికొచ్చే తాళంచెవి కాదు. భూసేకరణకు పనికొచ్చేది పెసా. 1996 చట్టం. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలె. దానికి తోడు 2006 అటవీ హక్కుల చట్టం. పోడు భూమికి, ఊరి ఉమ్మడి అడవికి హక్కు పత్రం లేకపోతే, లైన్ మీ చేనులోంచి పోయినా నష్టపరిహారం జాబితాలో మీ పేరు ఉండదు, "ప్రభుత్వ అటవీ భూమి" అని రాసుకుపోతరు. కాబట్టి రైలు గురించి కొట్లాడే ఊరు ముందు తన హక్కు పత్రాలు తేల్చుకోవాలె.

ఇంకో చిక్కు. ఈ లైన్ మూడు రాష్ట్రాల్లోంచి పోతది. ఒడిశా, ఆంధ్ర, తెలంగాణ. మూడు చోట్లా ఉండేది మనమే, మాట్లాడే కోయ ఒకటే, కానీ కలెక్టర్లు వేరు, పరిహారం రేట్లు వేరు, గెజిట్ భాష వేరు. గోదావరి ఇవతలి ఒడ్డు నిజాం కింద, భద్రాచలం ఒడ్డు మద్రాసు కింద ఉన్న రోజుల నుంచి మనకు ఇదే. 1959లో భద్రాచలాన్ని ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వీఆర్‌పురం వైపు మళ్ళీ ఆంధ్రకు ఇచ్చారు. ఆ మండలాల్లో ఊళ్ళకు ఊళ్ళు ముంపు కింద కాలనీలకు పోయినయి, పోతున్నయి. ఒకసారి లేచినోళ్ళను రైలు కోసం రెండోసారి లేపకుండా చూసుకోవాలె. మల్కన్‌గిరి వైపు మన యువకులతో ఫోన్ నంబర్లు ఇప్పుడే కలుపుకోండి. ఒక ఊరికి ఎక్కువ, ఇంకో ఊరికి తక్కువ ఇచ్చి విడదీయడం చాలా సులువు.

మరి మనం ఏం అడగాలె? నాకు తోచింది చెప్తున్న, మీరు కలపండి. మొదటి రోజు నుంచే మనుషుల బండి నడవాలె, గూడ్స్‌తో పాటే, తర్వాత కాదు. సంత జరిగే ఊళ్ళ దగ్గర హాల్ట్ ఉండాలె. ఆ హాల్ట్ ఎక్కడో గ్రామసభ చెప్పాలె. స్టేషన్ చుట్టూ భూమి, దుకాణాలు 1/70 కిందే ఉండాలె, స్టేషన్ లోపలి స్టాళ్ళు మన మహిళా సంఘాలకు రావాలె. గేట్‌మన్, ట్రాక్‌మన్ ఉద్యోగాలకు భూమి ఇచ్చిన కుటుంబాల పిల్లలను ఇప్పటి నుంచే తయారు చెయ్యాలె, మా వాడికి సర్టిఫికెట్ లేదు అని చివర్న ఏడవకుండా. ఏ సరుకు ఎంత పోతదో, ఏ కొండ నుంచి పోతదో అంచనా కాగితం తెలుగులో, కోయలో ఊరికి చదివి వినిపించాలె. అందులో బాక్సైట్ అని ఉంటే ఆ కొండ పేరు కూడా చెప్పాలె.

ఇందులో చాలావరకు "రూల్స్ ఒప్పుకోవు" అంటరు. ఒప్పుకోకపోవచ్చు. జపాన్ కోసం కొండలు తొలిచినప్పుడు ఏ రూలు అడ్డొచ్చింది?

పోయిన వారం మళ్ళీ ఆ గూడెం పోయిన. పెద్దాయన అదే చోట కూర్చుని ఉన్నడు. రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసి, స్టేషన్లు ఎక్కడ, సరుకు ఏంటి, మా ఊరి సర్వే నంబర్లు ఏవి, గ్రామసభ ఎప్పుడు అని సమాచార హక్కు కింద దరఖాస్తు తయారు చేసిన. చదివి వినిపించిన. ఆయన వేలిముద్ర వేసిండు, కింద మరో పదకొండు మంది సంతకాలు పెట్టిండ్రు. నమూనా కాపీ ఈ పేజీలోనే పెడుతున్నాం, మీ ఊరి పేరు మార్చుకుని వాడుకోండి. మీ దిక్కు ఎవరైనా సర్వే రాయి పాతినా, చెట్టుకు ఎర్ర రంగు వేసినా, ఫొటో తీసి తేదీ, ఊరు, చేను ఎవరిదో రాసి పంపండి. పీకెయ్యకండి. ఫొటో తియ్యండి.